నత్తగుల్ల గట్టిపడింది

భీమవరం రొయ్యల చెరువుల్లో పదేళ్లు పనిచేసిన అప్పయ్య ఇప్పుడు విదేశంలో చోవా చూ కాంగ్ అనే చోట ఒక ప్రైవేటు తోటకి మాలి. ఆదివారం లిటిల్ ఇండియాలో టీ తాగుతూ ఆయన చెప్పే కబుర్లన్నీ ఆ తోటలోని వాగు గురించే.

ఏళ్లతరబడి పొగ కలిసిన వానలు పడి ఆ నీళ్లు పులుపెక్కాయి. ఆ పులుపుకి నత్తగుల్లలు మెత్తబడి, నొక్కితే చితికిపోయేవి.

"నాకొదిలేయండి సార్, వారంలో బాగుచేస్తా" అని సూపర్‌వైజరు కేశవన్‌కి మాటిచ్చి, చెరువు అలవాటు కొద్దీ ఆరు బస్తాల సున్నం ఒకేసారి చల్లాడు. సాయంత్రం వాన పడి అంతా కొట్టుకుపోయింది.

"ఏం అప్పయ్యా, సముద్రానికి వెల్ల వేశావా? ఇంకో మూడు నెలలు చూస్తాను లా. అప్పటికీ బాగవకపోతే వాగు పూడ్చి పైపు వేయమన్నారు ఓనర్లు" అన్నాడు కేశవన్, అక్కడి మాటతీరులో.

"చెరువు నీళ్లు ఉన్నచోటే ఉంటాయి, వాగు నీళ్లు పోతుంటాయి కదండీ. ఆ ముక్క బుర్రకెక్కడానికి ఆరు బస్తాలు పట్టింది" అని నవ్వుతాడు అప్పయ్య. ఈసారి సున్నపురాళ్లని మూటలు కట్టి, నీళ్లు ఒరుసుకుంటూ పోయేలా వాగుకి అడ్డంగా పేర్చాడు.

గడువు రోజున కేశవన్ చేతిలో ఒక నత్తని పెట్టాడు.

"నొక్కండి సార్."

కేశవన్ నొక్కాడు. చితకలేదు.

"సరే, పైపు అక్కర్లేదని రాస్తాలే."

"రాద్దురుగానీ, ముందు దాన్ని నీళ్లలో వదలండి సార్. ఇంటికెళ్లాలి పాపం."