మైకులో అత్తగారు

బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే మనిషిని అందరూ మైకాయన అంటారు. మైకు ముందు అతని గొంతు ఖంగుమంటుంది. మైకు ఆపేస్తే మాత్రం మనిషికి నోట్లో నాలుక ఉందా అని అనుమానం వస్తుంది. ఇంట్లో భార్య పది మాటలంటే అతను ఒక్క మాట అంటాడు. అత్తగారి ముందయితే అదీ లేదు. "బాగున్నారా", "భోంచేశారా" తప్ప పెళ్లయినప్పటి నుంచి ఆవిడతో అతను మాట్లాడిందేమీ లేదు. అన్నీ కలిపినా ఒక బస్సు టిక్కెట్టు వెనకాల సరిపోతాయి.

ఇలాంటి మనిషికి కథల పిచ్చి పట్టింది. ఎవరి పిచ్చి వారికానందం అనుకుని వదిలేయొచ్చు గానీ, అతను వదలనిస్తే కదా! ఒక కథ రాసి, వారపత్రిక ఎడిటరు దగ్గరికి స్వయంగా పట్టుకెళ్లాడు. ఆయన ఒక పేజీ చదివి కళ్లజోడు తీశాడు.

"మీ హీరో కూర్చున్నాడని రాశారు. ఎక్కడ కూర్చున్నాడు?"

"కుర్చీలోనండి."

"ఏ కుర్చీ?"

మైకాయన నీళ్లు నమిలాడు.

"చూశారా, మీకే తెలీదు. మీ మనుషులకు మొహాల్లేవు, గదులకు గోడల్లేవు. కథంతా గాల్లో జరుగుతోంది. ముందు చూడ్డం నేర్చుకోండి" అన్నాడాయన.

ఇంకొకడయితే దారి పొడుగునా ఆయన్ను తిట్టుకుని, ఇంటికెళ్లి పడుకునేవాడు. ఈయన మాత్రం నిజంగానే చూడ్డం మొదలుపెట్టాడు. చూసింది చెప్పుకోవడానికి ఇంట్లో వినేవాళ్లు లేరు. బస్టాండులో మైకు ఉంది.

"మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తున్న బస్సు వెనక అద్దం మీద దుమ్ములో ఎవరో పిల్లవాడు వేలితో చేప బొమ్మ గీశాడు. ఆ చేపకు కన్ను లేదు" అని చెప్పాడొక రోజు. జనం ఆ చేపను చూడ్డానికి ఎగబడ్డారు. చూసి, కన్ను లేని మాట నిజమేనని ఒప్పుకుని తలుపు దగ్గరికి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. ఇంకో రోజు ఎవరో మరిచిపోయిన గొడుగు గురించి చెప్పాడు. విరిగిన ఊచకు కట్టిన పసుపు దారం గురించి, ముసలి చెయ్యి పట్టి పట్టి నున్నగా అయిపోయిన పిడి గురించి అతను చెబుతుంటే నలుగురు వచ్చి ఆ గొడుగు మాదేనన్నారు. అందులో ఒకాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆరా తీస్తే ఆయనకు పుట్టి బుద్ధెరిగాక గొడుగే లేదు!

బస్టాండు మేనేజరుకు తల ప్రాణం తోకకొచ్చింది.

"బస్సు వచ్చింది, వెళ్లింది. అంతే చెప్పాలి. పురాణం విప్పావంటే ఊరుకోను. ఇంకొక్కసారి వర్ణించావో, టైర్ల గోదాములో పడేస్తా" అన్నాడు.

టైర్ల గోదాములో మైకుండదు. మైకాయన బుద్ధిగా తలూపాడు.

తలూపిన వారానికే అత్తగారు వచ్చారు. ఆవిడ ఒంటరిగా ప్రయాణం చేయడం అదే మొదలు. "ఏమండీ, అమ్మకు కొత్త. బస్సు దిగేసరికి మీరు ఎదురుగా ఉండాలి" అని భార్య పొద్దున చెప్పులేసుకునేటప్పుడు ఒకసారి, గేటు దాటేటప్పుడు మరోసారి చెప్పింది. ఇన్నిసార్లు చెప్పించుకున్న పెద్దమనిషి ఏం చేశాడంటే, బస్సు వచ్చిన సమయానికి మైకు గదిలో కూర్చుని, కిటికీ మీద పాకుతున్న చీమను చూస్తున్నాడు. దాని మీసాలకు మాటలు వెతుక్కుంటున్నాడు.

తేరుకుని పరుగెత్తేసరికి బస్సు ఖాళీ. కండక్టరు టిక్కెట్లు సర్దుకుంటున్నాడు.

"బూడిదరంగు శాలువా కప్పుకున్న పెద్దావిడా? చాలాసేపు నిలబడి చూశారు. మా అల్లుడికి నేను రావడం ఇష్టం లేదేమో, తిరుగు బస్సెప్పుడు అని అడిగారు. ఇదిగో, ఇప్పుడు బయల్దేరబోయేదే ఆఖరిది."

ఆవిడ ఆ మాట మనసులో పెట్టుకుని బస్సెక్కేశారంటే మళ్లీ తమ గడప తొక్కరు. భార్య ఏమంటుందో తర్వాత సంగతి. ఇష్టం లేదనుకున్నారే, అదే మైకాయనకు ముల్లులా గుచ్చుకుంది. ఇష్టం లేకేం! చెప్పడం చేతకాలేదు, అంతే.

ఆ ఆఖరి బస్సులోకి తొంగిచూశాడు. లేరు. ప్లాట్‌ఫారాల నిండా జనం. మైకు గదికి పరుగెత్తి, పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచి ఆగిపోయాడు. అత్తగారి పేరేమిటి? ఇన్నేళ్లూ అత్తయ్యగారే. భార్యకు ఫోను చేశాడు.

"అమ్మ వచ్చిందా?" అంది భార్య.

"ఆఁ... మీ అమ్మగారి పేరూ..."

"ఏం, పేరెందుకు? అమ్మేదీ?"

ఠక్కున పెట్టేశాడు.

"సుమారు అరవై అయిదేళ్ల వయసు, నెరిసిన జుట్టు, బూడిదరంగు శాలువా, చేతిలో సంచీ ఉన్న ఒక పెద్దావిడ మైకు గది దగ్గరికి రావలెను" అని పద్ధతిగా చెప్పాడు. పెద్దావిడలు గుంపుగా వచ్చేశారు. అందరికీ జుట్టు నెరిసే ఉంది. అందరి చేతుల్లోనూ సంచులే. అత్తగారు మాత్రం లేరు. బయట ఆఖరి బస్సు హారను కొట్టింది.

టైర్ల గోదాములో పడేస్తే పడేయనీ అనుకుని మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ఆవిడ కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, దానికోసం ఇల్లంతా వెతుకుతారు. దొరికాక ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూస్తారు. ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగిపోయింది, అందుకే నడుస్తుంటే ఎవరితోనో రహస్యం చెబుతున్నట్టు కాస్త పక్కకు ఒరుగుతారు. నిద్రపోతున్నవాళ్ల పక్కనుంచి వెళ్లాల్సి వస్తే గాజులు చప్పుడు కాకుండా రెండో చేత్తో పట్టుకుంటారు. కారుతున్న కుళాయిని పేరు పెట్టి తిట్టి, దాని కింద గిన్నె పెడతారు. గదిలోకి రాగానే ఫ్యాను గాలి ఎటు వస్తోందో చూస్తారు. చూసి, ఆ గాలి తగలని చోట కూర్చుంటారు. మిగతావాళ్లకు తగలాలని."

చెబుతుంటే అతనికే ఆశ్చర్యం వేసింది. మాట్లాడ్డానికి ఏమీ దొరక్క, ఇన్నేళ్లూ ఆవిణ్ణి చూస్తూ కూర్చున్నాడన్నమాట.

బస్టాండు ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఆఖరి బస్సు డ్రైవరు ఇంజను ఆపేసి, సరిగ్గా వినపడ్డం లేదని కిందికి దిగాడు. ఎక్కినవాళ్లూ దిగారు. మైకు వైరు పీకేయడానికి వచ్చిన మేనేజరు వైరు పట్టుకునే గుమ్మంలో నిలబడి, "ఆ తర్వాత?" అన్నాడు.

తర్వాత జరిగిందే విచిత్రం. గది ముందు ఇంతకు ముందు కంటే పెద్ద వరుస తయారైంది.

"నేనే బాబూ ఆవిణ్ణి" అందొకావిడ.

"మీ అల్లుడెవరమ్మా?"

"నాకు పెళ్లే కాలేదు. అయినా నేనే."

ఆవిడ వెనక ఆఖరి బస్సు డ్రైవరు నిలబడ్డాడు. ఈయనకు బారెడు మీసాలు. ఏమిటని అడిగితే తల గోక్కుని, "నా గురించే చెప్పినట్టు అనిపించింది సార్" అన్నాడు.

మైకాయన వాళ్లను తప్పించుకుని బయటికొచ్చాడు. జనమంతా గది ముందే ఉండటంతో ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. చివర లౌడుస్పీకరు కింద బెంచీ మీద, బూడిదరంగు శాలువాలో అత్తగారు ఒక్కరే కూర్చుని, తల పైకెత్తి స్పీకరు వంక చూస్తున్నారు. కళ్లజోడు నెత్తి మీద ఉంది.

"వచ్చారా అల్లుడుగారూ! తిరిగి వెళ్లిపోదామని లేచాను. ఇంతలో ఈ మైకులో ఎవరి గురించో చెప్పడం మొదలుపెట్టారు. ఎంత బాగా చెప్పారనుకున్నారు! అది వింటూ ఆగిపోయాను" అన్నారు ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. "ఎవరో గానీ అదృష్టవంతురాలు. ఆవిణ్ణి అంతలా చూసుకునే మనిషున్నాడు. పాపం, దొరికిందా?"

మైకాయన ఆవిడ పక్కన కూలబడ్డాడు.

"దొరికారండి."

"ఎక్కడ?"

"బెంచీ మీద."

"ఏ బెంచీ?"

ఈసారి అతను నీళ్లు నమల్లేదు.

"ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచిన బెంచీ అండి. కుడివైపు చివర ఒక మేకు పైకి తేలి ఉంది. ఆ మేకుకు శాలువా అంచు తగులుకుంది."

అత్తగారు కుడివైపు చూసుకున్నారు. శాలువాను మెల్లగా మేకు నుంచి విడిపించుకున్నారు. నెత్తి మీద చెయ్యి పెట్టి, కళ్లజోడు తీసి పెట్టుకుని, చుట్టూ ఎవరైనా చూశారేమోనని చూశారు. తర్వాత అల్లుడి మొహంలోకి చాలాసేపు చూశారు. ఆ మొహం మీద చెమట ధారగా కారుతోంది.

ఆవిడ లేచి, పైన తిరుగుతున్న ఫ్యాను వంక ఒకసారి చూశారు.

"ఇటు జరగండి బాబూ. అక్కడ గాలి తగలదు" అన్నారు.