ద్వారం బయట

అన్నయ్య పోయి వారమైంది. వీసా పుణ్యమా అని ఇండియా వెళ్ళలేకపోయాను. మనసు కాస్త మళ్ళుతుందని మిత్రుడు డేవిడ్ నన్ను కారెక్కించి, సియాటిల్ దాటాక అడవిలో ఉన్న జపాను వాళ్ళ షింటో గుడికి తీసుకెళ్ళాడు. చర్చి మనిషికి తోచిన ఓదార్పు అది. మైలలో ఉన్నానని నేను చెక్క ద్వారం బయటే ఆగిపోయాను.

అక్కడే ఒక జపాను పెద్దావిడ నిలబడి ఉంది. కొడుకు ఐసీయూలో ఉన్నాడట.

"లోపలికెళ్ళి వాడి కోసం మొక్కుతారా? మా ఆయన పోయి నెల కాలేదు. నేను ద్వారం దాటకూడదు," అంది ఇంగ్లీషులో.

"నేనూ అందుకే బయట ఉన్నానండీ," అన్నాను. ఇన్ని సముద్రాల అవతల ఉన్నా దేవుళ్ళందరూ చావు విషయంలో ఒకే రూల్ పెట్టుకున్నట్టున్నారు.

ఇద్దరం డేవిడ్ వైపు చూశాం.

"నన్నెందుకు చూస్తావ్‌రా? మా పాస్టర్‌గారికి తెలిస్తే ఇంకేమైనా ఉందా?" అన్నాడు తెలుగులో. అంటూనే టోపీ తీసి, ఆవిణ్ణి కొడుకు పేరడిగి లోపలికి నడిచాడు.

తిరిగొచ్చి, "సారీ ఆంటీ, మా ప్రభువునే అడిగాను. పర్లేదా?" అన్నాడు.

"ఎవరు విన్నా చాలు బాబూ," అని ఆవిడ నడుం వంచి నమస్కరించింది.

అంతలో ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ విని పెట్టేసింది. ద్వారానికి ఇంకాస్త దూరంగా జరిగి నిలబడింది.