పేడ అలికిన చోటు

నేను కాపురానికి వచ్చిన ఏడాది, మార్గశిర మాసంలో, ఒక కుక్కపిల్ల మా ఇంట్లో ఉంటుందా పోతుందా అని వారం పాటు నాకు అన్నం సహించలేదు. అరవైల చివర అది. ఏ సంవత్సరమో అంకె చెప్పలేను, నా చదువు రెండో తరగతిలోనే ఆగిపోయింది. మా ఊళ్ళో కరెంటు స్తంభాలు పాతారు గాని తీగలు కట్టలేదు, అది మటుకు గుర్తు.

పిల్లను తెచ్చింది నేనే. మా కన్నవారిది శృంగవరపుకోట అవతల కొండ కింద ఊరు. అక్కడ పశువుల సాలలో, ఎడ్ల పక్కన గడ్డిలో మా కుక్క పిల్లల్ని పెట్టింది. కళ్ళం కాపలాకి పనికొస్తుందని నాన్న ఒకదాన్ని తట్టలో పెట్టి, పైన గోనె కప్పి నన్ను బస్సెక్కించాడు. నల్లటి పిల్ల, కాళ్ళు మటుకు తెలుపు. దారంతా నా ఒళ్ళోనే పడుకుంది.

అత్త గుమ్మంలోనే అందుకుంది. "సారెలో అరిసెలు తెస్తాదనుకున్నాను. కుక్కని తెచ్చినాదేటి మా కోడలు!"

మావ మాత్రం దాని చెవులు పట్టి చూసి, "మంచి జాతే. కళ్ళంలో నక్కలు తిరగతన్నాయి కాదేటి, ఉండనీ," అన్నాడు. కోతల రోజులు కావడంతో మా ఆయన రాత్రింబగళ్ళు కళ్ళంలోనే ఉండేవాడు. పిల్ల కాస్త ఎదిగేదాకా ఇంట్లో ఉంచి, తరవాత అక్కడికి పంపుదామని అనుకున్నాం.

ఆ ఎదిగేలోపు మొదలైంది అవస్థ.

వసారాలో ఉచ్చ పోసింది. అలికిన మర్నాడు మళ్ళీ అక్కడే పోసింది. గాదె ముందు పోసింది. దేవుడి గూడు కింద పోసింది. మాకు తెలిసిన వైద్యం ఒకటే. దాని మెడ పట్టి మూతి ఆ తడిలో రాయడం, చీపురుతో ఒకటి వెయ్యడం, ఆ చోటు కడిగి పచ్చి పేడతో అలికేయడం. మైల పడ్డచోట పేడ పడితే చాలు, అది శుద్ధి. మా అమ్మ అదే చేసింది, అమ్మమ్మ అదే చేసింది. అలికినకొద్దీ అది పోసేది. పోసినకొద్దీ మేం అలికేవాళ్ళం. ఇల్లంతా పేడ మచ్చలు, ఒకటి ఆరకముందే ఇంకొకటి.

దెబ్బలకి దానికి వచ్చిన బుద్ధి ఒక్కటే. ముందు మా ఎదుట పోసేది, తరవాత మేం చూడనప్పుడు పోసి మంచం కింద దూరేది. తాడేసి కడితే ఏడ్చేది. ఏడవడమంటే మామూలు ఏడుపు కాదు, మోర పైకెత్తి ఊళ. ఇంట్లో కుక్క ఊళ పెడితే ఎవరికో మూడిందంటారు. అత్త పరిగెత్తుకొచ్చి తనే తాడు విప్పేసేది.

అంతలో లక్ష్మివారం వచ్చింది. మార్గశిరంలో లక్ష్మివారమంటే, అదే గురువారమంటే, మా వైపు ఎంత పట్టింపో చెప్పాలి. తెల్లవారకముందే ఇల్లంతా అలికి, గడప నుంచి దేవుడి గూడు దాకా బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేస్తారు. ఆ పాదాల వెంబడి అమ్మవారు లోపలికి నడిచి వస్తుంది. ఆ పూట ఇంట్లో తిట్టు వినపడకూడదు, ఏడుపు వినపడకూడదు. వినపడితే వచ్చిన తల్లి వచ్చినట్టే వెళ్ళిపోతుంది.

అత్త ఉపవాసంతో దీపం పెడుతోంది. పిల్ల వసారాలోంచి వచ్చి, పాదాల నడుమ నేల వాసన చూసి, రెండు చుట్లు తిరిగి కూర్చుంది. పిండి పాదాలు కరిగి ఒక తెల్లటి మడుగు అయ్యాయి.

అత్త అరవలేదు. అరవకూడదు కదా. పళ్ళ మధ్య నుంచి మెల్లగా నాతో అంది: "ఒసే గుంటా. ఇదే కడసారి. మళ్ళీ లక్ష్మివారం నాడు ఒక్క సుక్క పడిందా, శుక్రవారం మీ మావ బండిలో ఇది ఎలిపోతాది."

శుక్రవారం శుక్రవారం మావ ఉప్పుకీ ఎండుచేపలకీ కళింగపట్నం బండి కట్టేవాడు. మర్నాడు నా ఎదుటే అత్త ఆయనతో చెప్పింది. "మళ్ళీ పోసిందా, వచ్చే శుక్రవారం సేపలెండేసే కాడ వదిలీసి రా. తలకాయలు ఏరుకు తిని బతుకుతాది."

మావ తల గోక్కున్నాడు. "అక్కడ కుక్కలు మందలు మందలే. పిల్లని బతకనిస్తాయేటి?"

"అయితే నీ కోడల్ని సక్కగా పెంచమను."

ఆ సముద్రపొడ్డు నేనూ చూశాను. చేప పేగుల కోసం కుక్కలు ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. పిల్ల నా పాదం మీద గడ్డం ఆన్చి నిద్రపోతోంది. కొత్త చోట, మొగుడు కళ్ళంలో ఉంటే, నేను కనపడగానే సంతోషపడే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే.

అప్పటినుంచి దాని వెనకే తిరిగాను. గంజి తాగగానే పెరట్లోకి తీసుకుపోయేదాన్ని, నిద్ర లేవగానే తీసుకుపోయేదాన్ని. మునగచెట్టు కింద నిలబెడితే సీతాకోకచిలకల్ని చూసేది. చివరికి విసిగి లోపలికి తెస్తే, సరాసరి వెళ్ళి పొద్దున అలికిన చోట కూర్చునేది. ఏడుపొచ్చేది నాకు.

సోమవారమో మంగళవారమో, బియ్యం చెరుగుతూ దాన్నే చూస్తున్నాను. అది గడప రాయి దాటింది, అక్కడ ఆగలేదు. గాదె పలక మీద నడిచింది, అక్కడా ఆగలేదు. పాత మట్టి మీద ముక్కు కూడా పెట్టలేదు. కొత్తగా అలికిన మచ్చ దగ్గరకి వచ్చేసరికి ముక్కు నేలకి దించి తిరగడం మొదలెట్టింది. చేట కింద పడేసి దాన్ని ఎత్తుకున్నాను. ఎత్తుకున్నాక తట్టింది. అది పుట్టింది ఎడ్ల మధ్య. కళ్ళు తెరిచింది పేడ వాసనలో. తల్లి దానికి నేర్పిన చోటు అది. మేం శుద్ధి చేశామనుకుంటున్నాం, అది ఇక్కడ పొయ్యమంటున్నారనుకుంటోంది.

అత్తకి చెప్పాను.

"అయితే ఏటంటావు? కుక్క కోసం లక్ష్మివారం ఇల్లు అలకడం మానీమంటావా?"

"అలా అన్నేదత్తా."

"పేడ లచ్మే. లచ్మి మీద పోసేదానికి బుద్ధి నేదు, దాన్ని ఎనకేసుకొచ్చే నీకూ నేదు."

పెరటి చివర గెత్తపు కుప్ప పక్కన, పశువుల ఎరువు పోగేసేచోట, చేటంత నేల చదును చేసి పచ్చి పేడతో అలికాను. పిల్లను తెచ్చి దింపాను. వాసన చూసింది, తిరిగింది, పోసింది. అక్కడే దాని మెడ నిమిరి, ఒక బెల్లం ముక్క పెట్టాను. మళ్ళీ గంజి తరవాత తెచ్చాను, మళ్ళీ పోసింది. కాని ఇంట్లో మచ్చలు ఉన్నంతకాలం ఏ మచ్చ ఎదురైతే ఆ మచ్చ మీదే కూర్చునేది. లక్ష్మివారం వచ్చేసరికి మచ్చలు కాదు, ఇల్లు ఇల్లంతా పచ్చి పేడే.

ఆ పొద్దున చలికి నేల ఆరలేదు. పాదాలు తెల్లగా మెరుస్తున్నాయి. నేను పిల్లను కుప్ప దగ్గరకి తీసుకెళ్ళి తెచ్చి, వంటింటి గుమ్మంలో గోనె మీద పడుకోబెట్టాను. పొయ్యి మీద నూనె కాగుతోంది, చేతులు బూరెల పిండిలో ఉన్నాయి. ఒక వాయి వేసి తలెత్తేసరికి గోనె ఖాళీ.

నడవలో ఉంది. పాదాల మధ్య. ముక్కు నేలకి దించింది.

అరవలేను. పరిగెత్తితే నూనెలో బూరెలు మాడతాయి, అమ్మవారి పెసాదం అది. "అత్తా," అన్నాను.

అత్త తల తిప్పింది. తలారా స్నానం చేసి, తడిపి ఆరేసిన మడిబట్ట కట్టుకుని, చేతిలో పూలసజ్జ. పిల్ల ఒక చుట్టు తిరిగింది. అత్త నన్ను చూసింది, దాన్ని చూసింది. అది రెండో చుట్టు మొదలెట్టింది. అత్త సజ్జ కింద పెట్టి, కుక్కని మెడ దగ్గర పట్టి ఎత్తి, చేతులు ముందుకి చాపుకుని పెరట్లోకి నడిచింది. నడక కాదు, పరుగే.

వాయి తీసేసి నేనూ పరిగెత్తాను. కుప్ప పక్కన అలికిన చోట అది కూర్చుని ఉంది. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, అయ్యేదాకా చూసింది.

"బెల్లం పెడతన్నావట, ఏది?" అంది.

కొంగున కట్టిన ముక్క ఇచ్చాను. తనే పెట్టింది. తరవాత నూతి దగ్గరకెళ్ళి, ఆ చలిలో మళ్ళీ నెత్తిమీంచి నీళ్ళు పోసుకుంది. పళ్ళు టకటకలాడుతుంటే పూజకి కూర్చుంది.

భోజనాల దగ్గర మావ మెల్లగా అడిగాడు. "రేపు బండిలో గోనె ఎయ్యాలేటి?"

"గోనె ఎందుకు?"

"కుక్కకి."

"లక్ష్మివారం పూట కుక్క కుక్క అంటావేటయ్యా! బూరె తిను."

"అడిగినదానికి సెప్పవు గదా."

"ఉప్పు తే. మంచి సావిడాయ సేపలు దొరికితే తే. దాని సంగతి నాకు తెలుసు."

మర్నాడు బండి చప్పుడుకి లేచాను. పిల్ల నా పక్కనే ఉంది. బయట అత్త పేడతట్టతో వాకిట్లోకి పోకుండా పెరట్లోకి పోయింది. కుప్ప పక్కన వంగి అలికింది. అక్కడినుంచే కేకేసింది:

"ఒసే, దాన్ని బేగి తీసుకురా. ఆరిపోతాది!"