నూకాలు కడిగిన పుండు

1968 వానాకాలంలో నన్ను శ్రీకాకుళంలోని ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో రెండవ తరగతి టెక్నీషియన్‌గా వేశారు. మొదటి తరగతి పోస్టు ఖాళీ. మూడవ తరగతి అనేది లేదు. ఆ విధంగా ఉద్యోగంలో చేరిన రోజునే నేను నా హోదాలో అగ్రగణ్యుణ్ణి అయ్యాను. పై అధికారి పేథాలజిస్టు డాక్టర్ సుభద్ర గారు. విజయనగరం మనిషి. రోగితో రోగి యాసలోనూ, సర్జన్‌తో సర్జన్ భాషలోనూ మాట్లాడేవారు. ఇద్దరూ ఆమెను చూస్తే కొంచెం జంకేవారు.

మానని పుండ్ల నుంచి స్వాబు తీయడం నా పనుల్లో ఒకటి. స్వాబు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. వెదురు పుల్లకు దూది చుట్టి, గాజు గొట్టంలో పెట్టి, క్రిమి అన్నది లేకుండా ఆవిరిలో ఉడికిస్తాం. పుండు పైపైన ఉన్న చీమును ఉప్పునీటితో తుడిచి, లోతున ఆ దూదిని ఒత్తి తిప్పి, పుండుకు రెండేసి స్వాబులు తీస్తాం. ఒక స్వాబును గాజు పలక మీద రాసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూస్తాం. రెండో దాన్ని గొర్రె రక్తం కలిపిన ప్లేటు మీద గీసి, మనిషి ఒంటి వేడి ఉండే పెట్టెలో ఉంచుతాం. తెల్లారేసరికి క్రిములు చుక్కలు చుక్కలుగా మొలుస్తాయి. వాటిని కొత్త ప్లేటు నిండా పూసి, రకరకాల మందుల్లో తడిపిన కాగితపు బిళ్లలు పెడితే, ఏ బిళ్ల చుట్టూ ఖాళీ మిగిలితే ఆ మందు పని చేస్తుందన్నమాట. జోస్యం కన్నా నయం. చెప్పింది తప్పితే మర్నాడే తెలిసిపోతుంది.

ఆ ఏడు మగవారి సర్జికల్ వార్డులో ఎర్రయ్య అనే జాలరి చేరాడు. తెప్పను ఒడ్డుకు లాగుతుంటే ఇసుకలో కూరుకుపోయిన తుప్పు లంగరు మడమలో దిగింది. పెన్సిలిన్ ఇస్తూనే ఉన్నారు, పుండు పెరుగుతూనే ఉంది. మందూ, పుండూ దేని డ్యూటీ అది చేస్తున్నాయి. జ్వరం తగ్గలేదు. మందు మార్చాలంటే ఏ మందుకు మార్చాలో ప్రయోగశాల చెప్పాలి. ప్రయోగశాల మాత్రం రెండుసార్లు స్వాబు తీసి రెండుసార్లూ ఒకే మాట రాసింది: పెరుగుదల లేదు.

మూడోసారీ అదే వచ్చింది. సర్జన్ గారు క్రిమి లేదంటే కాలికి రక్తం అందటం లేదనే నిర్ణయానికి వచ్చి, శుక్రవారం మోకాలి కింద కాలు తీసేయడానికి రాసేశారు. ఒంటికాలితో తెప్ప నెట్టిన జాలరి మా తీరంలో ఎవరూ లేరు. ఆ మాట విన్న ఎర్రయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతని భార్య నూకాలు మాత్రం సర్జన్ గారిని నిలదీసింది.

“కాలు తీసేత్తే మరి సముద్రంలోకి మీరెల్తారేటి బాబూ?”

సర్జన్ గారు కేసు షీటు మడిచి పక్క మంచానికి వెళ్లారు. ఆయనకు ఈత రాదు.

ప్రయోగశాలలో సుభద్ర గారికి ఒక విషయం మింగుడు పడలేదు. గాజు పలక మీద క్రిములు ద్రాక్షగుత్తుల్లా స్పష్టంగా కనిపిస్తున్నాయి. అదే పుండు నుంచి, అదే నిమిషంలో తీసిన రెండో స్వాబు ప్లేటు మీద ఒక్కటీ మొలవటం లేదు. క్రిములు సెలవు మీద ఉన్నాయేమో అన్నాను. సెలవు ఎవరు మంజూరు చేశారో కనుక్కుందాం పద అంటూ ఆమె లేచారు. పెట్టె వేడి సరిచూశారు. అదే ప్లేట్ల మీద వేరే రోగి చీము గీయించారు. అది పచ్చిక బయలులా పెరిగింది. అంటే తప్పు మా వంటలో లేదు, సరుకు వంటింటికి చేరకముందే ఏదో జరుగుతోంది.

మర్నాడు పొద్దున్నే, వార్డులో కట్లు మార్చే డ్రెసరు కట్టు విప్పకముందే ఆమె నన్ను వెంటబెట్టుకుని వార్డుకు వెళ్లి, స్క్రీను వెనక నిలబడ్డారు. మామూలుగా అయితే డ్రెసరు కట్టు విప్పి నాకు కబురు పంపేవాడు. ప్రయోగశాల ఆవరణకు అటు చివర. నేను నడిచి వచ్చేసరికి పుండు సిద్ధంగా ఉండేది. ఎంత సిద్ధంగా ఉండేదో ఆ రోజే చూశాను.

డ్రెసరు కట్టు విప్పి పక్క మంచానికి వెళ్లగానే నూకాలు నడుం దగ్గర నుంచి చిన్న సీసా తీసింది. గుడ్డపీలికను అందులో తడిపి, పుండు మూలమూలకూ పోనిచ్చి, చేప కడుపు శుభ్రం చేసే నేర్పుతో కడిగింది. సీసాలోది పసుపు రంగు ఆక్రిఫ్లేవిన్ లోషను, క్రిములను పెరగనివ్వని మందు. ఎండు చేపలు ఇచ్చి డ్రెసరు దగ్గరే సంపాదించిందట. పుండు పచ్చగా ఉండటం మేమూ చూశాం. కానీ మా వైపు పసుపు అద్దని పుండు ఆసుపత్రి గడప తొక్కేది కాదు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. స్వాబు లోతు నుంచి తీయాలన్నది మా నియమం. ఆమె అంతకన్నా లోతుగా కడిగేది.

సుభద్ర గారు బయటికి వచ్చి, కోప్పడకుండా, ఎందుకు కడుగుతున్నావని అడిగారు.

“వాసనొస్తాది కదమ్మా. సేపల గంపతో బస్సెక్కితే కండక్టరు ఎనక్కి పొమ్మంటాడు. పోతాను. అది సేప వాసన. నా పెనిమిటి కాడ వాసనొస్తందని ఎవులైనా ముక్కు మూసుకుంటే మాత్రం నానూరుకోను.”

“కడగడం తప్పని ఎవులన్నారే? మేం పట్టుకోవాల్సిన దొంగని నువ్వు ముందే కొట్టేస్తన్నావు.”

“దొంగ సచ్చిపోతే మంచిదే కదేటి?”

“గుమ్మంలో ఉన్నోడే సస్తన్నాడు. లోపలోడు నీ మొగుడి ఎముక కొరుకుతన్నాడు. ఆడి మొకం మాకొక్కసారి సూపించు.”

నూకాలు నా వైపు చూసి, “ఈ బాబు ముక్కు మూసుకోడు గదా?” అంది. నా ముక్కు ప్రభుత్వానిది, అది మూసుకోవాలంటే పై నుంచి ఉత్తర్వు రావాలి అన్నాను. అన్నిరోజుల్లో ఎర్రయ్య మొదటిసారి ఇటు తిరిగి, “ఇచ్చెయ్యే ఆ సీసా” అన్నాడు. ఇచ్చేసింది.

సుభద్ర గారు మైక్రోస్కోపు నాచేత మోయించి సర్జన్ గారి గదికి వెళ్లారు. గాజు పలకను దాని కింద పెట్టి, పక్కన ఖాళీ ప్లేటు పెట్టి, విషయం చెప్పి, ఆపరేషన్ వాయిదా వేయమని అడిగారు. సర్జన్ గారు పలకను చాలాసేపు చూసి, శుక్రవారం జాబితాలోంచి ఎర్రయ్య పేరు తానే కొట్టేశారు. తన నిర్ణయాన్ని తానే కొట్టేసిన పెద్ద డాక్టర్లను సర్వీసులో చాలా తక్కువ మందిని చూశాను. అందుకే ఆయన చేతిరాత ఎవరికీ అర్థం కాకపోయినా ఆ గీత మాత్రం నాకు బాగా గుర్తు.

ఒక రోజంతా పుండుకు కాచిన ఉప్పునీరు తప్ప మరేదీ తగలనివ్వలేదు. పుండు వాసన వార్డంతా పరుచుకుంది. నూకాలు తలుపు దగ్గర నిలబడి, వచ్చేవారి ముక్కులకు కాపలా కాసింది. నర్సులు సైతం ఊపిరి బిగబట్టి చిరునవ్వుతో లోపలికి వెళ్లారు. ఆ తర్వాత తీసిన స్వాబు ప్లేటు నిండా బంగారు రంగు చుక్కలు మొలిచాయి. స్టెఫైలోకాకస్. పెన్సిలిన్ బిళ్లను ఆనుకునే దర్జాగా పెరిగింది. ఎరిత్రోమైసిన్ బిళ్ల దరిదాపులకు రాలేదు.

మందు మార్చారు. సర్జన్ గారు మడమ తెరిచి, చచ్చిన ఎముక ముక్కను తీసి, తిరిగి కట్టారు. అద్భుతమేమీ జరగలేదు. పుండు తన తీరికను బట్టి మానింది. వెళ్లే రోజున ఎర్రయ్య ఎవరి కాళ్లమీదా పడలేదు, కన్నీళ్లూ పెట్టలేదు. మడమ నేలకు ఆన్చి చూసుకుని, తమ ఊరి బస్సు ఎన్నింటికని అడిగాడు. నూకాలు సుభద్ర గారితో, “నాను బాగానే కడిగినాను కదమ్మా?” అంది. నీ అంత బాగా మా ఆసుపత్రిలో ఎవరూ కడగరని ఆమె జవాబు. అది మెచ్చుకోలు కాదు, నిజం.

ఆ వారం నుంచి, నేను మంచం పక్కన ఉంటే తప్ప స్వాబు తీయాల్సిన ఏ పుండు కట్టూ విప్పకూడదని నియమం పెట్టారు. కట్టు విప్పే ముందు, దీన్ని ఎవరు కడిగారు, దేంతో కడిగారు అని అడగడం నా పనిలో చేరింది. సర్వీసు పూర్తయ్యేదాకా అడుగుతూనే ఉన్నాను.

నేర్చుకున్నది ఇంతే. ‘పెరుగుదల లేదు’ అంటే మా ప్లేటు మీద ఏమీ పెరగలేదని. పుండులో ఏమీ లేదని కాదు. ఈ రెంటికీ మధ్య తేడా, ఎర్రయ్య విషయంలో, మోకాలి కింది నుంచి మడమ దాకా.