లోతు లేని సముద్రం

క్లోరిన్ వాసన తగిలితే చాలు, మా పెదనాన్న గుర్తొస్తాడు. రామచంద్రపురం కాలవలోకి వంతెన మీంచి దూకేవాణ్ణని ఆయనకి మహా గీర.

చిన్నప్పుడు అందరం ఉప్పాడ వెళ్ళాం. మమ్మల్ని ఒడ్డున నిలబెట్టి, "ఈతంటే ఏంటో చూడండ్రా" అంటూ పరిగెత్తుకెళ్ళి అలలోకి తలకిందులుగా దూకాడు. అల కాస్తా వెనక్కి పోయింది. మహానుభావుడు ఇసకలో బోర్లా మిగిలాడు.

చేపలమ్మే ఆవిడ రెక్క పట్టుకుని లేపింది. "కాలవ నీళ్ళు కాదండి బాబూ, ఉన్నచోట ఉండవు."

ముక్కు చెక్కుకుపోయినా గీర తగ్గలేదు. "ఈ సముద్రానికి లోతే లేదు" అన్నాడు. నేను నమ్మి, బడంతా చాటాను.

నిన్న స్విమ్మింగ్ పూల్లో మా అబ్బాయి చూస్తుండగా దూకి, పొట్ట మీద పడ్డాను. లేచి, "వెధవలు, నీళ్ళు సరిగ్గా నింపలేదు" అన్నాను.

వాడూ నాలాంటి వెర్రివాడే, నమ్మేశాడు.