ఫ్రేము కింద ఎర్ర ముద్ర

అల్ రాయ్‌లో మా ఫ్రేముల దుకాణం దగ్గరి స్టాపులో నాతోపాటు బస్సెక్కిన ఒక చైనా పెద్దాయన వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఒళ్ళో పటం చూడగానే గుర్తుపట్టాను. ఆ పొద్దున దానికి ఫ్రేము కట్టింది నేనే. దుకాణం వెనక గదిలో పనిచేసే నన్ను ఆయన చూసి ఉండడు.

నేను పటాన్నే చూస్తున్నానని, వచ్చీరాని ఇంగ్లీషులో ఆయనే మాట కలిపాడు.

"మా నాన్న గీసింది. పారిస్‌లో చదువుకున్నాడు. తిరిగొచ్చిన కొన్నాళ్ళకు మా దేశంలో ఇలాంటి బొమ్మలు గీయడమే నేరమైంది. సోదాలో దొరక్కూడదని అన్నిటినీ తనే నీళ్ళతొట్టిలో నానబెట్టి పిసికేశాడు. అమ్మ దాచిన ఇదొక్కటే మిగిలింది."

పటం కింది మూల మీద వేలు పెట్టి నవ్వాడు. "ఇక్కడ సంతకం బదులు ఆయన వేసిన ఎర్ర ముద్ర ఉంది. ఫ్రేము కిందికి పోయింది. ఇంటికెళ్ళి విప్పి మనవరాలికి చూపిస్తా."

ముద్ర ఫ్రేము కింద లేదు. పొద్దున కాగితం ఫ్రేము కొలతకు మించి ఉంటే, "అంచు కోసెయ్ అబ్బీ, ఖలాస్" అన్నాడు మా రాయచోటి మేస్త్రీ. కత్తి కింద ఎర్రగా ఏదో కనబడినా నేను చెయ్యి ఆపలేదు. ఆ ముక్కను చెత్తలోకి ఊడ్చేశాను.

"నువ్వెక్కడ పని చేస్తావు?" అని అడిగాడాయన.

"సబ్హాన్‌లో. గోడౌన్‌లో."

ఆయన దిగేటప్పుడు పటం తలుపుకు తగలకుండా పట్టుకున్నాను. ఆయన నా చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని "షుక్రన్" అని అరబ్బీలో కృతజ్ఞత చెప్పాడు.

ఇప్పటికీ బస్సులో ఎవరైనా అడిగితే, సబ్హాన్ అనే చెబుతున్నాను.