గ్రైండరుకు కొత్త బెల్టు

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. మా రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. అయినా ఆ కబురు నాకు గోడ అవతలినుంచి రాలేదు. ఎదురింటి అత్త వీధిలో నిలబడి అరిస్తే, చేతిలో పుస్తకంతో అట్లాగే బయటికి వచ్చాను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. కోయంబత్తూరులో మా తెలుగువాళ్ళ వీధిలో పక్కన ఉంటే చాలు, వరస కలిసిపోతుంది. ఆమె భర్త, మా పెదనాన్న, ఎప్పుడో పోయాడు, కూతురు తిరుప్పూరులో కాపురం పెట్టింది. పెద్దమ్మ ఒక్కతే ఉండేది. అయినా రోజూ పొద్దున్నే పిండి రుబ్బేది. అందులో సగం ఎవరో ఒకరింటికి వెళ్ళేది. మాకు పంపే డబ్బాకి మూత ఎప్పుడూ గట్టిగా పెట్టేది కాదు. "పిండికి ఊపిరాడల్లమా" అనేది.

ఆమెకు తమిళం చదవడం వచ్చు, తెలుగు అక్షరాలు రావు. డబ్బా తిరిగివ్వడానికి వెళితే "ఏం బుక్కు చదవతా ఉండావు? మన మాట్లో చెప్పు" అని కూర్చోబెట్టుకునేది. కథలో ఎవరైనా తప్పు చేస్తే వాళ్ళను వదిలేసి నన్ను తిట్టేది. నేను ఇంట్లోవాళ్ళతో కూడా అంతసేపు మాట్లాడి ఎరగను.

ఆమె గ్రైండరు చాలా పాతది. స్విచ్చి వేసింది మొదలు ఆపేదాకా కీచుమని అరిచేది. దగ్గరున్న మిల్లు మూతపడి, షిఫ్టుకు ఊదే సైరను, మా వాడుకలో సంగు, ఆగిపోయాక, మా వీధికి అదే సంగు అయింది. "పెద్దమ్మ సంగు ఊదింది, లెయ్యండ్రా" అని ఎదురింటి అత్త పిల్లల్ని లేపేది.

నేను చదువుకునే వేళ కూడా అదే. కాన్వెంటులో సిస్టర్లు మెల్లగా నడవడం, మెల్లగా మాట్లాడడం నేర్పారు. ఇబ్బందిగా ఉన్న సంగతి నోరు తెరిచి చెప్పడం నాకు రాలేదు. చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని. ఒకసారి తీయడం మరిచిపోయి ఆమె ఇంటికి వెళ్ళాను.

"ఏంమా, చెవి నొప్పా?"

కాదని తలూపాను. ఆమె నన్ను చూసింది, గ్రైండరును చూసింది, పకపకా నవ్వింది.

"అయ్యో కన్నూ! ఇన్నేండ్లు దీన్ని ఓర్చుకుంటివా? అడగని నోటికి అన్నం చల్లారినాకే వచ్చేది. అడుగు!"

"బెల్టు మారిస్తే సద్దు తగ్గుతుందేమో, పెద్దమ్మా."

"మార్చేద్దాం. మెకానిక్కు వేండాం. వాడొస్తే మోటారే పోయిందంటాడు. నువ్వూ నేనూ విప్పుదాం."

ఆదివారం వంటింట్లో పాత దుప్పటి పరిచి గ్రైండరును బోర్లించాం. స్క్రూలు తుప్పుపట్టి కదల్లేదు. ఆమె ఒక్కొక్కదాని మీద కొబ్బరినూనె చుక్క వేసి, కాఫీ కలిపి తెచ్చింది. "తుప్పు దగ్గర కోపం చెల్లదు. కాఫీ తాగు." తాగేలోపు అవి వదులయ్యాయి. విప్పిన స్క్రూలన్నీ వరసగా ఇడ్లీ తట్టు గుంటల్లో పెట్టింది, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా. పాత బెల్టు ఎండి, అంచులు చీలి ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని టౌనుకు వెళ్ళి, అదే కొలతది కొనుక్కొచ్చాను.

బిగించి స్విచ్చి వేశాం. రాళ్ళు తిరుగుతున్నాయి. దగ్గరికి వంగితే తప్ప వినబడడం లేదు.

"కొత్త కోడలు మాదిరి ఉంది, నోరే లేదు!" అంది పెద్దమ్మ.

మరునాడు పొద్దున ఎదురింటి అత్త పరుగెత్తుకొచ్చింది. "ఏం పెద్దమ్మా, ఒళ్ళు బాగలేదా? సంగు ఊదలేదే!"

"నేను గట్టిగానే ఉండాను పోవే. ఈ పాప సంగు నోరు కట్టేసింది."

అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను. నా చేతులతో ఒక వస్తువు బాగుచేయడం అదే మొదటిసారి. ఆ మరునాడు అత్త రాలేదు. ఫోన్లో అలారం పెట్టుకుంది.

కొన్నాళ్ళకు పెద్దమ్మ పడిపోయింది ఆ గ్రైండరు పక్కనే. పాలపాకెట్టు గుమ్మంలోనే ఉందని చూసి అత్త తలుపు తోసేసరికి ఎండ ఎక్కింది. గ్రైండరు ఇంకా తిరుగుతూనే ఉంది. పాత బెల్టయితే, అంతసేపు ఆగని ఆ అరుపు విని ఎవరో ఒకరు వెళ్ళేవాళ్ళు. విసుక్కుంటూనైనా ముందు నేనే వెళ్ళేదాన్ని. ఆ పొద్దు గోడకు ఆనుకుని చాలా పేజీలు చదివాను.

గుండె ఆగిందన్నారు డాక్టరు. ఎప్పుడు ఆగిందో చెప్పలేమన్నారు. వెంటనే పోయిందని నమ్మితే నాకు నిద్ర పడుతుంది. నమ్మలేకపోతున్నాను.

కర్మ రోజున, వడలకు పప్పు అమ్మ గ్రైండరులోనే రుబ్బాలని కూతురు పట్టుబట్టింది. పప్పు వేసి, స్విచ్చి నొక్కి, నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు బాగు చేసినాక అమ్మకెంత సంతోషమో. 'ఇప్పుడు రుబ్బతానే నీతో ఫోన్లో మాట్లాడొచ్చు' అనేది." అంతలో తిరుప్పూరు చుట్టాలు రావడంతో ముందుగదిలోకి వెళ్ళింది. నేనూ వెళ్ళి ఒక మూల కూర్చున్నాను.

కాసేపటికి వంటింట్లోంచి ఎదురింటి అత్త గొంతు వినబడింది. "ఎవరే ఇది చూసుకునేది? పిండి నీళ్ళయిపొయ్యింది! తిరిగేది తెలియనే లేదే..." అంటూ అంటూ ఆగిపోయింది.

నేనూ, పెద్దమ్మ కూతురూ వంటింట్లోకి వెళ్ళాం. అత్త నా ముఖం చూడకుండా పక్కకు జరిగింది.

"అక్కా," అన్నాను పెద్దమ్మ కూతురితో. "ఆ పొద్దు కూడా ఇట్లనే తిరిగింది. నేను గోడ పక్కనే ఉండాను. నాకు వినబడలే. సద్దు లేకుండా చేసింది నేనే."

ఆమె స్విచ్చి ఆపి, పిండిని గిన్నెలోకి తీసింది. నన్ను తిట్టలేదు, పోనిలే అనలేదు.

"నూనె కాగింది," అంది. "చెయ్యి తడి చేసుకో."

ఇద్దరం పొయ్యి దగ్గర నిలబడ్డాం. ఆ పిండి అరచేతిలో నిలవలేదు. బొటనవేలితో చిల్లి పెడితే పూడిపోయింది, నూనెలో వేస్తే పరుచుకుపోయింది. వచ్చినవి వచ్చినట్టే ఆమె తీసుకెళ్ళి పెద్దమ్మ ఫొటో ముందు ఆకులో పెట్టింది. అంచులు చెదిరి, ఒకదానికొకటి అతుక్కుని, ఏదీ వడలా లేదు. ఎవరూ వాటిని మార్చలేదు.